కాలుడికీ ముక్తుడికీ దండం

2025లో మహారాష్ట్రలోని మా సిరొంచ ఇంటి ప్రయాణాలన్నీ గోదావరి వంతెన మీదుగానే. మేలో సరస్వతి పుష్కరాలకు అమ్మను కాళేశ్వరం తీసుకుపోయినం. అక్కడి గుడిలో ఒకే పానవట్టం మీద యముడికో లింగం, శివుడికో లింగం. "ఇద్దరికీ మొక్కిన, ఎవరు ముందు పిలిచినా సరే" అని నవ్వింది.

వానాకాలంలో అమ్మకు పక్షవాతం. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. మళ్లీ వంతెన దాటి వరంగల్‌కే పరుగు. ఆధార్ మరాఠీలో, మందుల చీటీ ఇంగ్లిష్‌లో, అమ్మ తిట్లు తెలుగులో.

దసరాకు తమ్ముడు ఓ వీధి కుక్కపిల్లను తెచ్చిండు. "ఇంట్ల కుక్కేందిరా?" అన్న అమ్మే ఇప్పుడు తన జావలో సగం దానికి పోస్తోంది. వ్యాయామం చెయ్యమంటే మొరాయించే ఎడమచెయ్యి, ఆ గిన్నె వంచడానికి మాత్రం లేస్తోంది!

దానికి పేరింకా పెట్టలేదు. తోస్తే చెప్పండి, టామీ మాత్రం వద్దు.