చూపించని గది

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలును చూడవచ్చే యాత్రికులు ముందుగా ఒంటరి కొట్ల వైపు నడుస్తారు. చరిత్ర చదువుకున్నవాడిని గనుక నేను మొదట నేతాజీ చిత్రశాలలో అడుగుపెట్టాను. 1906లో నిర్మాణం పూర్తయినప్పుడు ఆ కారాగారానికి ఏడు విభాగాలుండేవి. నేడు మూడే మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న దానిని జాతీయ స్మారకంగా జాతికి అంకితం చేశారు.

సుభాష్ చంద్ర బోస్ 1943 డిసెంబరు 29న ఈ దీవికి వచ్చారు. మరునాడు జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకాన్ని ఎగురవేశారు. అండమాన్‌కు షహీద్ అనీ, నికోబార్‌కు స్వరాజ్ అనీ పేర్లు పెట్టారు. దేశభక్తులు నూనె గానుగ తిప్పిన ఈ జైలును ఆజాద్ హింద్ ప్రభుత్వాధినేతగా సందర్శించారు. ఆ ఘట్టాన్ని తలచుకుంటే ఏ భారతీయుని హృదయమైనా ఉప్పొంగక మానదు.

అయితే ఆ రోజుల్లోనే ఇదే జైలులో డాక్టర్ దీవాన్ సింగ్ బందీగా ఉన్నారు. ఆయన పంజాబీ కవి, వైద్యుడు. ఇక్కడి భారత స్వాతంత్ర్య సమితికి అధ్యక్షుడు. 1942 మార్చిలో దీవులను ఆక్రమించిన జపాను సైన్యం గూఢచారి అన్న నెపంతో ఆయనను నిర్బంధించి చిత్రహింసలు పెట్టింది. నేతాజీకి ఆ గదిని చూపించలేదు. 1944 జనవరి 14న దీవాన్ సింగ్ కన్నుమూశారు. అదే నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చి చంపారు. ఆ తరువాత చీఫ్ కమిషనరుగా లోకనాథన్ వచ్చినా, పోలీసు అధికారం జపాను వారి చేతిలోనే ఉండిపోయింది.

నా పక్కన నిలబడి పటాలు చూస్తున్న ఒక వృద్ధునికి ఈ సంగతి చెప్పాను. శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారాయన. అంతా విని, “అంత పెద్దాయనకి చెప్పేవాడే లేకపోయాడా బాబూ?” అన్నారు.

నేను సమాధానం చెప్పలేకపోయాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్ళలో ఒక ఉన్నతాధికారి పర్యటన పత్రం తయారుచేసే పని నాకు అప్పగించారు. మంచినీటికి కటకటలాడుతున్న ఒక ఊరివారు అర్జీ పట్టుకుని ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. ఆ ఊరి పేరు తీసివేయమన్నారు; తీసివేశాను. కార్లు మరో దారిన వెళ్ళిపోయాయి. పర్యటన దిగ్విజయమైందని నివేదిక రాసినవాడినీ నేనే. హింసకూ నా పనికీ పోలిక లేదు. కాని అతిథికి ఏది కనిపించాలో ముందే నిర్ణయించే పద్ధతి మాత్రం ఒక్కటే.

ఇందువల్ల నేతాజీ త్యాగానికి వన్నె తగ్గదు. ఆ పతాకం పటం పక్కనే దీవాన్ సింగ్ కథ కూడా చదువుకుంటే చరిత్ర మనకు సమగ్రంగా అందుతుంది.

వరండాలోకి వచ్చేసరికి ఆ వృద్ధుడు ఒక్కొక్క తలుపు దగ్గరా ఆగి, గొళ్ళాన్ని చేత్తో తాకి చూస్తున్నారు. అంతకు మించి మాకు మాటలు సాగలేదు.

ఇప్పుడు నా బల్ల మీదికి పర్యటన పత్రం వస్తే, అందులో లేని ఊరేదని ముందుగా అడుగుతున్నాను.