టాప్‌ను పొడిగిస్తే చలి ఆగదు

చలికాలానికంటూ విడిగా బట్టలు కుట్టించుకోవాలన్న ఆలోచన తెలుగు నేల మీద ఎక్కడైనా సహజంగా పుడుతుందంటే అది ఆదిలాబాద్‌లాంటి చోటే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి జారడం కొత్తేమీ కాదు. ఆ పట్టణంలో ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే ఒక చిన్న కేంద్రానికి నేను వెళ్లింది ఒక్క పని చూడడానికి: మామూలు కాటన్ టాప్ ప్యాటర్న్‌ను ఫ్లీస్ బట్టకు సరిపడేలా, మోకాళ్లు దాటే డ్రెస్సుగా మార్చడం. కటింగ్ బల్ల మీద కాగితం పరచగానే నేర్చుకునేవాళ్లలో చాలామంది చేసిన మొదటి పని అంచు దగ్గర స్కేలు పెట్టి గీతను కిందికి లాగడం. 26 అంగుళాల టాప్ 42 అంగుళాల డ్రెస్సయింది. నా దృష్టిలో ఈ మార్పు మొత్తంలో అన్నిటికన్నా తేలికైన భాగం ఆ గీతే. ప్యాటర్న్‌లో అసలు మార్చాల్సింది బట్ట మందం మింగేసే చుట్టుకొలతను. దాన్ని పట్టించుకోకపోతే పొడవెంత పెంచినా వచ్చేది పొడుగాటి టాపే.

లెక్క చూద్దాం. కాటన్ బట్టకు మందం ఉన్నా లేనట్టే కాబట్టి టాప్ కొలతల్లో దాని ప్రస్తావన రాదు. ఫ్లీస్ మందం 3 మిల్లీమీటర్లనుకుందాం. బట్టను ఒంటి చుట్టూ తిప్పినప్పుడు లోపలి చుట్టు బయటి చుట్టుకన్నా చిన్నదవుతుంది. కత్తిరించిన కొలతలో సుమారు 9 మిల్లీమీటర్లు అక్కడే పోతాయి. లోపల అంతే మందం ఉన్న స్వెట్టర్ వేసుకుంటే ఒంటి చుట్టుకొలతే దాదాపు 19 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండూ కలిపితే 28, అంటే అంగుళం పైచిలుకు. ఈ అంగుళం మనిషి లావు సన్నాలను బట్టి మారదు. ఛాతీకి ఎంతో చేతికీ అంతే. 36 అంగుళాల ఛాతీకి అది 3 శాతం, 12 అంగుళాల చేతికి 9 శాతం. చలికాలపు డ్రెస్సు ఛాతీ దగ్గర బాగానే ఉండి చేతుల దగ్గర పట్టేయడానికి కారణం ఇదే. కేంద్రంలో బోధిస్తున్న మాస్టర్‌కు ఈ లెక్కతో పని లేదు. “ముందు చెయ్యి చూడమ్మా, ఛాతీ తర్వాత చూద్దాం” అని ఒక అమ్మాయికి ఆయన చెప్పిన మాటలో మాత్రం లెక్కంతా ఉంది.

ఇంత తంటా ఎందుకు, ఒక సైజు పెద్దది కత్తిరిస్తే పోలేదా అని అడగొచ్చు. అక్కడ కొందరు అడిగారు కూడా. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎబనేజర్ బటరిక్ సైజులవారీ కాగితపు ప్యాటర్న్‌లను అమ్మకానికి పెట్టినప్పటి నుంచీ సైజు అంటే పెద్ద మనిషికి పెద్ద బట్ట అనే అర్థం. ఒంటిని బట్టి ఒక్కో భాగం ఒక్కో మేరకు పెరుగుతుంది. 36 నుంచి 38కి వెళ్తే ఛాతీకి రెండంగుళాలు వస్తాయి, చేతికి మాత్రం అరంగుళమో ముప్పావో. అంటే కావాల్సిన చోట తక్కువ, అక్కర్లేని చోట ఎక్కువ. భుజం జారుతుంది. మెడ వెడల్పవుతుంది, చలిగాలి మొదట దూరేది అక్కడే. పెద్ద సైజు పెద్ద మనిషి కోసం చేసింది. మందం బట్ట తొడుక్కున్న అదే మనిషి కోసం కాదు.

నడుము కింద సంగతి వేరు. మన టాపుకు రెండు పక్కలా సైడ్ కట్స్ ఉంటాయి కాబట్టి అడుగు వేయడానికి ఇబ్బంది ఉండదు. చలికాలపు డ్రెస్సుకు అవి మూసేయాలి, మూస్తే అడుగు పడదు. సీటు కొలతలోనే గీతను నిటారుగా దించితే గొట్టంలో నడిచినట్టుంటుంది. ఫ్లేర్ అంతా పక్క కుట్లలోనే కలిపితే అంచు పక్కలకు వేలాడుతుంది, ముందు భాగం కాళ్లకు చుట్టుకుంటుంది. కేంద్రంలో చేసిన పద్ధతి నాకు నచ్చింది. ముందు భాగపు కాగితాన్ని కింది అంచు నుంచి ఛాతీ డార్ట్ కొస దాకా కోసి, డార్ట్‌ను మూసేశారు. పైన మూసినంత మేరకు కింద కాగితం విచ్చుకుంది. ఫ్లీస్‌లో డార్ట్ కుడితే గడ్డలా ఉబ్బుతుంది, వేడి ఇస్త్రీ పెడితే అందులోని పాలియెస్టర్ కరుగుతుంది కాబట్టి దాన్ని అణచే దారి కూడా లేదు. ఇక్కడ ఆ బెడద పోయింది, నడకకు చోటూ దొరికింది. అంచును రెండు మడతలు వేయకుండా ఓవర్‌లాక్ చేసి ఒకే మడతతో కుట్టడమూ ఆ ఉబ్బు రాకుండానే. చంక విషయంలో మాత్రం అక్కడ ఒకరిద్దరు అతిగా పోయారు. స్వెట్టర్ కోసమని చంకను బాగా దించితే చెయ్యెత్తినప్పుడల్లా డ్రెస్సంతా పైకి లేస్తుంది. టాపులో అది కనపడదు. 42 అంగుళాల డ్రెస్సులో అంచు మోకాళ్ల పైకి పోతుంది.

ఫ్లీస్ హోజరీలా సాగుతుంది కదా, లూజు పెంచకపోయినా ఒంటికి పడుతుందన్నది మరో అభ్యంతరం. పడుతుంది, నిజమే. కానీ వెచ్చదనం ఇచ్చేది దారం కాదు, దారాల మధ్య కదలకుండా నిలిచిన గాలి. బట్ట సాగి ఒంటికి అదిమితే ఆ గాలికి చోటు తగ్గుతుంది. మందం బట్ట కొని పలుచని బట్టగా వాడుకున్నట్టే. అలాగని లూజు ఇష్టానికి వదిలితే నడిచినప్పుడల్లా వెచ్చటి గాలి మెడలోంచి, అంచులోంచి బయటికి పోతుంది. అందుకే ఒంటి మీద లూజు, ద్వారాల దగ్గర బిగువు: మణికట్టుకు కఫ్, మెడకు నిలువు కాలర్. ఎదురుగాలిని ఫ్లీస్ పెద్దగా ఆపలేదు కాబట్టి నడుము కిందికైనా జారుడు లైనింగ్ వేస్తే మంచిది. అది లెగ్గింగ్స్‌కు డ్రెస్సు అతుక్కోకుండా కూడా కాపాడుతుంది.

రెండు నెలల చలికి స్వెట్టర్, శాలువా చాలవా అనే ప్రశ్న మిగిలింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చాలావరకు చాలుతాయి, అక్కడివాళ్లను కుట్టించుకోమని నేను ఒప్పించబోను. తెల్లవారకముందే స్కూటీ ఎక్కే ఆదిలాబాద్ ఉద్యోగినికి స్వెట్టర్ నడుము దాకానే ఆగుతుంది, శాలువా బండి మీద నిలవదు. ఖర్చు అభ్యంతరానికి బలముంది. నూగు ఒకే వైపు వాలిన బట్టలో ముక్కలన్నీ ఒకే దిశలో పరచి కత్తిరించాలి, కాబట్టి టాపుకు వాడినట్టు ముక్కల్ని తలకిందులుగా సర్ది బట్ట మిగుల్చుకునే వీలుండదు. ఆ కేంద్రంలో దీనికి చేసిన ఏర్పాటు తెలివైనది: ముందుగా పాత దుప్పటి గుడ్డతో ఒక చెయ్యి, ఒక పక్క ఛాతీ మాత్రం కుట్టి, స్వెట్టర్ మీద తొడిగి చూస్తారు. అది సరిపోయాకే ఫ్లీస్ మీద కత్తెర పెడతారు.