బొంగరం చెప్పిన పాఠం

గుంటూరు జిల్లాలో పెరిగిన నాకు తుపాకీ అంటే బ్యాంకు గుమ్మంలో కాపలా మనిషి భుజాన చూసిందే. అలాంటివాణ్ణి, టెక్సాస్ వచ్చిన ఇన్నేళ్ళకి మా అబ్బాయి సరదా చూసి ఒక పాత రైఫిల్ కొన్నాను. తూటాలు రెండు పెట్టెలు. ఎలా ఎంచానంటారా? ధర చూసి!

రేంజిలో మొదటి పెట్టె విప్పాం. 75 గ్రెయిన్ల గుళ్ళు. వంద గజాల దూరాన కాగితం మీద గుండ్రటి చిల్లులకు బదులు పొడుగాటి చీలికలు పడ్డాయి. గుండు అడ్డంగా తిరిగి తగులుతోందన్నమాట. "ఈ పెట్టె బాగాలేదురా" అంటూ రెండోది అందుకున్నాను.

"నాన్నా, ఆగు! బారెల్ మీద ఏం రాసుందో చూశావా?" అన్నాడు మావాడు.

బారెల్ మీద .223 రెమింగ్టన్. నా చేతిలో పెట్టె మీద 5.56.

పక్క బల్ల దగ్గరి పెద్దాయన వచ్చి వివరంగా చెప్పాడు. పైకి రెండూ కవల పిల్లల్లాగే ఉంటాయి. కానీ 5.56 చాంబర్లో, గుండు బారెల్ గాడులను అందుకునేముందు కాస్త ఎక్కువ ఖాళీ ఉంటుంది. ఆ తూటాను .223 చాంబర్లో పేలిస్తే ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు. .223 తూటాను 5.56 చాంబర్లో వాడితే ఫరవాలేదు.

మావాడు నా పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో నిలబడి ఉన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

మరి ఆ చీలికల సంగతి? ఇంటికొచ్చి, శుభ్రంచేసే కడ్డీకి గుడ్డముక్క బిగించి, గుర్తు పెట్టి బారెల్లోకి తోశాం. గుర్తు ఒక చుట్టు తిరిగేసరికి కడ్డీ 12 అంగుళాలు నడిచింది. అదే ట్విస్టు.

బొంగరాలాడినవాళ్ళకి వేరే చెప్పాలా? తాడు బలంగా లాగితే నిలబడుతుంది, నీరసంగా లాగితే తూలుతుంది. గుండూ అంతే, పొడుగు పెరిగినకొద్దీ ఇంకా వేగంగా తిరగాలి. గ్రీన్‌హిల్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1879లోనే దీనికి లెక్క కట్టాడు. మందం ఒకటే అయినప్పుడు బరువైన గుండు సాధారణంగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి, మనం పెట్టె మీద గ్రెయిన్లు చూడాలి. మా 12 అంగుళాల చుట్టుకి 55 గ్రెయిన్లు సరి. 75కి 8 లేదా 7 అంగుళాలకో చుట్టు కావాలి. అమెరికా సైన్యం కూడా 1980లలో పొడుగు గుళ్ళ కోసమే ఎం-16 బారెల్‌ని 12 నుంచి 7కి మార్చింది.

తర్వాతి ఆదివారం 55 గ్రెయిన్ల .223 తీసుకెళ్ళాం. చిల్లులన్నీ గుండ్రంగా పడ్డాయి.

ఇప్పుడు మాకొక నియమం. బారెల్ మీదిది నేను పైకి చదవాలి, పెట్టె మీదిది వాడు చదవాలి. రెండూ కలిస్తేనే తూటా లోపలికి. వాడికి అక్షరాలు దిద్దించింది నేనే. చదవమని గుర్తు చేసింది మాత్రం వాడు.