నీ గొంతుకు తగిన కేపో

గుంటూరు

జ్యోతీ,

మీరు గిటార్ కొన్నారన్న కబురు బాగుంది గానీ, దోహాలో శుక్రవారం ఆరాధనలో నువ్వు మళ్ళీ పాడుతున్నావన్నది అంతకన్నా మంచి కబురు. పెద్దాడు వాయిస్తుంటే నువ్వు పాడతావట. ఒక్కసారైనా దగ్గరుండి వినాలని ఉంది. కేపో కొందామని వెళ్తే షాపువాడు అన్ని రకాలూ ముందు పరిచాడనీ, ఏది తీసుకోవాలో తేలక ఊరికే తిరిగొచ్చారనీ రాశావు. ఆగి అడగడమే మంచిదైంది. ఏది కొనాలో చెప్తాను. దానికంటే ముందు అదెందుకో పెద్దాడికి చెప్పాలి. గిటార్ మెడ మీద తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే ఈ కేపో ఉన్నది పాడేవాళ్ళ కోసమే. ఎంపిక కూడా అక్కణ్ణించే మొదలవ్వాలి.

మన క్వయర్ రోజులు గుర్తున్నాయిగా. గిటార్ అన్నయ్యకు డీ, జీ, ఏ కార్డులు చక్కగా కుదిరేవి కాబట్టి ప్రతి పాటా రెండు శృతిలోనే, అంటే డీలోనే. మగవాళ్ళకు హాయిగా ఉండేది. మనకేమో పల్లవిలోనే గొంతు అడుగంటిపోయేది. పై స్థాయిలో అందుకుందామంటే చరణానికొచ్చేసరికి గొంతు చించుకోవాల్సి వచ్చేది. నువ్వు పెదవులు మాత్రం కదుపుతూ నిలబడేదానివి. అదే పాటను నాలుగున్నరకు లేపి ఉంటే నీ గొంతు గుడంతా నిండేది. నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. కేపో లేకుండా ఆ శృతిలో వాయించాలంటే ఎఫ్ షార్ప్, బీ, సీ షార్ప్ కావాలి, మూడూ బార్ కార్డులే. చూపుడువేలును ఆరు తీగల మీదా అడ్డంగా నొక్కి ఉంచాలి. ఒక పాటకైతే సరే, రెండు గంటల ఆరాధనకు ఎవరి చెయ్యి ఆగుతుంది? నాలుగో ఫ్రెట్ దగ్గర కేపో బిగించి ఉంటే ఆ అన్నయ్య తనకొచ్చిన డీ, జీ, ఏ షేపులే వాయించుకునేవాడు. కీబోర్డు వాళ్ళకు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నట్టే గిటార్‌కు ఇది.

అందుకని పెద్దాడికి ఈ అలవాటు చెయ్యి. నువ్వు ముందు గిటార్ లేకుండా పాటంతా పాడుకో. బాగా కిందికి దిగే చోటా, బాగా పైకెక్కే చోటా రెండూ హాయిగా పలికే శృతి పట్టుకో. ఆ తర్వాత వాడు షేపు వెతుక్కోవాలి. నీకు ఐదున్నర కుదిరిందనుకో, జీ షేపులతో ఒకటో ఫ్రెట్. ఆరున్నర అయితే అవే షేపులతో మూడో ఫ్రెట్. నాలుగున్నరకు డీ షేపులతో నాలుగు, లేదా ఈ షేపులతో రెండు. మీ ఆయన పాడతానంటే ఒకటిన్నరకు సీ షేపులతో ఒకటో ఫ్రెట్ చాలు. ఫ్రెట్‌కు అర స్వరం చొప్పున లెక్క. అయితే మూడుకూ నాలుగుకూ మధ్య, ఏడుకూ పై ఒకటికీ మధ్య హార్మోనియం మీద నల్లమెట్టు లేదు కదా, అక్కడ ఒక్క ఫ్రెట్టే జరగాలి. ఇది మర్చిపోతే అరస్వరం పైకెళ్ళి కూర్చుంటాడు.

కేపో పెట్టుకునేది చేతకానివాళ్ళని వాడి మాస్టారు అన్నారట. ఈ మాట ఇక్కడా వింటూనే ఉంటాను, విన్నప్పుడల్లా బాధేస్తుంది. స్పెయిన్ ఫ్లమెంకో వాద్యకారుల కంటే చెయ్యి తిరిగినవాళ్ళు గిటార్ లోకంలో ఎవరున్నారు? వాళ్ళు తరతరాలుగా కేపో వాడుతున్నారు. దాన్ని సెఖియా అంటారు. పాత పద్ధతి సెఖియా ఓ చిన్న చెక్కముక్క. దానికో తీగ, వయొలిన్‌కు ఉన్నట్టు ఓ బిరడా. తీగను మెడ చుట్టూ తిప్పి బిరడా మెలిపెడితే బిగుస్తుంది. గాయకుడికి ఏ ఎత్తు కావాలంటే అక్కడికి దాన్ని జరపడం గిటారిస్టు ధర్మం. పాకో డి లూసియా అంతటివాడు కేపో పెట్టి వాయించాడు. ఇంకో సంగతి, కేపో ఎత్తుతో పాటు నాదాన్నీ మారుస్తుంది. 1969లో వచ్చిన బీటిల్స్ పాట ‘హియర్ కమ్స్ ద సన్’లో జార్జ్ హారిసన్ ఏడో ఫ్రెట్ మీద కేపో పెట్టి డీ షేపులు వాయించాడు. డీ షేపుకు అక్కడ వచ్చేది ఏ మేజర్, దాన్ని కేపో లేకుండానే సులువుగా వాయించొచ్చు. కానీ పొట్టి తీగల ఆ మిలమిల రాదు. మాస్టారికి ఎదురు చెప్పమనడం లేదు, వాడికి మాత్రం ఇది వినిపించు.

ఇప్పుడు అసలు సంగతి. మంచి కేపోకూ మామూలు కేపోకూ తేడా దాదాపుగా నొక్కడంలోనే ఉంది. వాడి యమహా ఎఫ్‌జీ 800లో నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ 650 మిల్లీమీటర్లు. నాలుగో ఫ్రెట్‌లో కేపో పెడితే మోగే తీగ 516 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. ఆ కొలత ఫ్రెట్ చూసుకుంటుంది. కేపో చెయ్యాల్సింది తీగ ఫ్రెట్‌కు ఆనేదాకా నొక్కి పట్టడమే. అంతకు మించి నొక్కితే తీగ ఫ్రెట్ వెనక చెక్క వైపు ఇంకా వంగుతుంది, సాగుతుంది, స్వరం పైకి జరుగుతుంది. ఫ్రెట్లు ఎత్తుగా ఉంటే ఇంకా ఎక్కువ. మరీ తక్కువ నొక్కితే తీగ జరజరలాడుతుంది, లేదా మోగకుండా టక్‌మంటుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న చోటు చాలా ఇరుకు, అది గిటార్‌ గిటార్‌కూ మారుతుంది. అందుకే నేను ఒత్తిడి సర్దుకునే వీలున్న కేపో వైపే ఉంటాను.

షాపువాడు ముందుగా చూపించేది స్ప్రింగు క్లిప్పు రకం. కైజర్, డన్‌లప్ ట్రిగ్గర్ అలాంటివి. పేరూ ఊరూ లేనివి ఇక్కడ రెండు మూడొందలకే దొరుకుతాయి. ఒక్క చేత్తో నొక్కి తీసి పెట్టొచ్చు, పాటకూ పాటకూ మధ్య రెండు క్షణాల పని. ఆరాధనలో పాట పాటకూ శృతి మారే వాళ్ళకు ఆ వేగం నిజంగా అక్కరకొస్తుంది, దాన్ని తీసిపారెయ్యను. కానీ స్ప్రింగు బలం ఎంతో అంతే, తగ్గించలేం, పెంచలేం. చాలావాటిలో అది కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది. ఎలాస్టిక్ పట్టీ రకం జోలికి వెళ్ళకండి, పట్టీ సాగిపోయాక ఎందుకూ పనికిరాదు.

నేను చెప్పేది షబ్. రిక్ షబ్, డేవ్ కూన్ట్జ్ కలిసి చేసిన రకం. ఓ మీట, దాని వెనకాల ఓ చిన్న స్క్రూ. స్క్రూ తిప్పి ఒత్తిడి ఒకసారి సరిచేసుకుంటే, మీట మూసిన ప్రతిసారీ అంతే బిగువు. మెడ బ్రిడ్జి వైపు వెళ్ళేకొద్దీ మందమవుతుంది కాబట్టి ఒకటో ఫ్రెట్‌కు సరిచేసిన స్క్రూ ఐదో ఫ్రెట్ దగ్గర కాస్త వదులు చెయ్యాలి. ఈ ఓపిక పెద్దాడికి ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు. లేదంటే జీ7త్ పెర్ఫార్మెన్స్ ఉంది, ఇంగ్లండు వాళ్ళది. చేత్తో ఎంత పిండితే అంత దగ్గర ఆగిపోతుంది, స్క్రూ లేదు. చెయ్యి ఎంత బలం పెడుతోందో వేళ్ళకే తెలుస్తుంది. ధర బాగా ఎక్కువ, పిల్లాడి మొదటి గిటార్‌కు అంత పెట్టాలా అంటే నేనైతే పెట్టను. డాడారియో వాళ్ళ ఎన్‌ఎస్ కేపోకు కూడా వెనక తిప్పే స్క్రూ ఉంటుంది, తేలిక, చవక. షబ్ దొరక్కపోతే అది తీసుకోండి.

కొనేముందు ఫ్రెట్‌బోర్డు వంపు చూడాలి. ఓ స్టీలు స్కేలు అంచును ఫ్రెట్‌బోర్డు మీద అడ్డంగా ఆనించు. చదునుగా కూర్చుంటే అది క్లాసికల్ నైలాన్ గిటార్ తీరు. అటూ ఇటూ ఊగితే వంపు ఉన్నట్టు. ఆ వంపును వ్యాసార్ధంతో చెప్తారు. మార్టిన్ గిటార్లలో ఎక్కువగా 16 అంగుళాలు, టేలర్‌లో 15, గిబ్సన్‌లో 12. అంకె చిన్నదయ్యేకొద్దీ వంపు ఎక్కువ. మీ యమహాది 400 మిల్లీమీటర్లు, అంటే 16 అంగుళాలకు దగ్గర. చదును గిటార్ కోసం చేసిన కేపోను దాని మీద పెడితే నడిమి తీగలు గట్టిగా నొక్కుకుని అంచు తీగలు జరజరమంటాయి. వాటి కోసమని ఇంకా బిగిస్తే నడిమివి శృతి తప్పుతాయి. స్టీలు తీగల గిటార్‌కు అని అడిగే తీసుకోండి, క్లాసికల్‌కు వేరే మోడల్ ఉంటుంది.

షాపులోనే పరీక్ష చెయ్యనివ్వమనండి, గిటార్ పట్టుకెళ్ళండి. ట్యూనర్‌తో ఆరు తీగలూ సరిగ్గా సరిచేసి, రెండో ఫ్రెట్‌కు ఆనుకుని వెనకాల, ఫ్రెట్‌కు సమాంతరంగా కేపో పెట్టాలి. ఫ్రెట్ మీద కూర్చుంటే తీగ మూగపోతుంది, మరీ వెనక్కి పోతే ఎక్కువ ఒత్తిడి అడుగుతుంది. ఇప్పుడు ఒక్కో తీగా మీటి ట్యూనర్ సూది చూడు. ఆరో తీగ ఎఫ్ షార్ప్ చూపాలి. లావు తీగ కాబట్టి సూది నడిమి గీత దాటి కుడివైపుకు వాలేది ఎక్కువగా అక్కడే. రవ్వంత వాలితే పర్వాలేదు, ఏ కేపోకైనా తప్పదు. బాగా వాలితే స్క్రూ పావు చుట్టు వదులు చేసి మళ్ళీ మీటు. జరజర మొదలయ్యే దాకా వదులు చేసుకుంటూ పోయి, అక్కణ్ణించి కొద్దిగా బిగిస్తే అదే వాడి గిటార్‌కు సరైన బిగువు. స్ప్రింగు రకమైతే ఈ వీలు లేదు, ఆరాధనలో ప్రతి పాటకూ కేపో పెట్టాక తీగలు మళ్ళీ సరిచేసుకోవాల్సిందే.

ఒక ఉపకారం కేపో అడక్కుండానే చేస్తుంది. ఒకటో ఫ్రెట్‌లో ఎఫ్ కార్డు పట్టాలంటే వాడి చెయ్యి నొప్పెడుతోందని రాశావు. కేపోను ఒకటో ఫ్రెట్‌లో పెట్టి, దాని ముందు అదే షేపు పట్టమను. చెప్పుకోదగినంత తేలికైతే లోపం వాడి వేళ్ళలో లేదు, నట్ గాళ్ళు ఎత్తుగా ఉన్నాయన్నమాట. కేపో పెట్టినప్పుడు తీగ నట్ మీద కాక ఫ్రెట్ మీద ఆనుతుంది, అందుకే తేలికవుతుంది. గిటార్ బాగుచేసేవాళ్ళకు చూపిస్తే గాళ్ళు కొంచెం అరగదీసి ఇస్తారు. దాంతో పిల్లాడికి రోజువారీ సాధన హాయిగా సాగుతుంది. ఇది మాత్రం వాయిదా వెయ్యొద్దు.

వాడుతుంటే కేపో రబ్బరు మీద తీగల గాళ్ళు పడతాయి. గాడి లోతైతే తీగ అందులోకి జారి మళ్ళీ జరజర వస్తుంది. షబ్‌కు రబ్బరు తొడుగు విడిగా దొరుకుతుంది, మార్చుకోవచ్చు. రాత్రి కేపోను గిటార్ మెడకు బిగించి వదిలెయ్యొద్దని చెప్పు, తీసి పెట్టెలో పడేస్తే చాలు. మీకక్కడ ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి గిటార్‌ను కూడా వాయించనప్పుడు పెట్టెలోనే ఉంచండి.

మూడు తీగలకే పట్టే పొట్టి కేపోలూ ఉన్నాయి. వాటి సంగతి వాడికి ఈ షేపులన్నీ చేతికొచ్చాక రాస్తాను.

షబ్ కొన్నాక, రెండో ఫ్రెట్‌లో ఆరో తీగ ఎంత పైకి జరుగుతోందో చూసి రాయమను. వచ్చే శుక్రవారం ఏ పాట ఎత్తుకుంటున్నావో, నీకు ఏ శృతి కుదిరిందో నువ్వు రాయి. దానికి ఏ షేపులు బాగుంటాయో నేను ఇక్కడ వాయించి చూసి చెప్తాను.

నీ
వనజ