పై అంతస్తు కరెంటు లెక్క

వైశాఖంలో పెద్ద హనుమాన్ జయంతికి కొండగట్టు వచ్చే దీక్షాపరులకు ఎండకు నేల ఎలా కాలుతుందో బాగా తెలుసు. కరీంనగర్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంటు స్లాబు కూడా పొద్దంతా అలాగే కాగుతుంది. ఆ వేడి రాత్రి కింది గదుల్లోకి దిగుతుంది. కొండగట్టు దగ్గరి ఊళ్లో పెంకుటిల్లు వదిలి అలాంటి భవనంలో పై అంతస్తు ఫ్లాటు కొన్న ఈ వ్యాసకర్త కుటుంబం, మొదటి వేసవి బిల్లులు చూశాక కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంది.

అసలు కిటుకు కరెంటు ధరల్లోనే ఉంది. తెలంగాణలో 2022లో నిర్ణయించిన గృహ ధరల ప్రకారం వాడకం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10 రూపాయల చొప్పున పడుతుంది. 201 నుంచి 300 దాకా 7.70, ఆపైన 400 దాకా 9 రూపాయలు. 400 యూనిట్ల ఇల్లు 300కు దిగితే స్థిర ఛార్జీలు కాకుండా 2,690 రూపాయల బిల్లు 1,790 అవుతుంది. వాడకం నాలుగో వంతు తగ్గితే బిల్లు మూడో వంతు తగ్గుతుందన్నమాట. అందుకే మిగిలే ప్రతి యూనిట్‌నూ సగటు ధరతో కాదు, ఆఖరి యూనిట్ ధరతో లెక్కగట్టాలి.

ముందు స్లాబు సంగతి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు హైదరాబాద్ ప్రాంతపు భవనాలపై కొలిచి 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13–14 యూనిట్లు మిగులుతాయి. వెయ్యి చదరపు అడుగులకు 1,200 యూనిట్ల పైమాటే. కానీ రాత్రిపూట ఒక్క పడకగదిలో ఏసీ వేసుకునే ఇంటికి అంత రాదు. అందులో నాలుగో వంతు, అంటే 300 యూనిట్లు వస్తాయనుకున్నా ఏడాదికి 2,700 రూపాయలు. పూతకు చదరపు అడుగుకు 30 రూపాయల చొప్పున 30,000 అడిగారు. దుమ్ము పట్టి, మాసిపోయే పూత పదకొండేళ్లు నిలవదు గనుక ఆ లెక్క కుదరలేదు.

కుదిరింది ఎప్పుడంటే, స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించక తప్పని ఏడాది. ఆ ఖర్చు ఎలాగూ అసోసియేషన్‌ది. పై పూత తెల్లది వేయడానికి ఈ ఫ్లాటు వాటాకు అదనంగా అయిన 8,000 పై అంతస్తు వాళ్లు పెట్టుకున్నారు. ఆ డబ్బు మూడేళ్లలో తిరిగొస్తుంది. లీకేజీ ఆగితే లాభం అందరిది, చల్లదనం మాత్రం పైవాళ్లది. ఖర్చును అలా విడదీసి చెప్పాకే మీటింగులో అందరూ సరేనన్నారు.

ఇలాంటి కప్పుల కోసమే రాష్ట్ర కూల్ రూఫ్ విధానం 2023 ఏప్రిల్‌లో వచ్చింది. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల చల్లని కప్పులు లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌వే. వేసవిలో 45 డిగ్రీలు చూసే జగిత్యాల, రామగుండం, ఆదిలాబాద్ మిగిలిన 100లోనే సర్దుకోవాలి. ఇటువైపు వాటా పెరగాలి.

ఫ్యాన్ల లెక్క ఇంకా తేలిక. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. 3,000 రూపాయల ఫ్యాను, 9 రూపాయల యూనిట్ దగ్గర పదిహేడు వేసవి నెలల్లో తన ఖరీదు రాబడుతుంది. హాలుకు, పడకగదికి తప్ప మిగతా చోట్ల మార్చనక్కర్లేదు. 2024లో మొదలైన గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం పొందే ఇంటికైతే ఆ 20 యూనిట్ల విలువే వేరు: 220 యూనిట్లు కాలితే 1,174 రూపాయలు కట్టాలి, 200 దగ్గర ఆగితే సున్నా బిల్లు. పై అంతస్తులో అద్దెకుండే రేషన్ కార్డుదారులకు ఈ సంగతి ముందు చెప్పాలి.

బాగా నడుస్తున్న ఏసీని తీసేసి అయిదు నక్షత్రాలది కొనడం మాత్రం దండగ. త్రీస్టార్‌కూ ఫైవ్‌స్టార్‌కూ లేబుళ్ల మీద కనిపించిన తేడా ఏడాదికి సుమారు 250 యూనిట్లు. దానికోసం నలభై వేలు పెట్టలేం. పాతది పాడయ్యాక కొనేటప్పుడు, రెండింటి ధరల తేడా పెట్టడం లాభమే. అప్పటిదాకా గాలి పొడిగా ఉండే ఏప్రిల్, మే నెలల్లో కూలరే చాలు.

ఇప్పుడు అసోసియేషన్ ముందున్నది సోలార్ ప్రతిపాదన. పీఎం సూర్యఘర్ కింద లిఫ్టు, నీళ్ల మోటారు వంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. పలకల కింద స్లాబుకు నీడ కూడా దొరుకుతుంది గనుక, ఈసారి పైవాళ్ల వాటా ఎంతన్నది ఇంకా తేలలేదు.