బాట చెప్పు మాట

ఊరి పేరు చదువకయే సీమ నెఱుగుట యొక విద్య. హైదరాబాదు నుండి విజయవాడకు బోవు బాటలో మే మీ విద్యను పలుమాఱు అభ్యసించితిమి. రాతిగుట్టలు, తాటిచెట్లు, ఎఱ్ఱ చెలకలు కానవచ్చినంతట సూర్యాపేట దాపునకు వచ్చితి మనుకొందుము. సూర్యాపేట, కోదాడల నడుమనున్న మునగాల పూర్వము ఆంగ్లేయుల కృష్ణా జిల్లాలోని పరగణా. చుట్టును నైజాము రాజ్యమే. ఆ హద్దును నేడే గుట్టయు చెప్పదు, ఏ చెట్టును చెప్పదు. ప్రభుత్వములు గీచిన గీత మంటిలో నిలువలేదు.

నీరు గీచిన గీత మాత్రము నిలిచినది. మిర్యాలగూడ చేరువకు వచ్చినచో పలక చదువ బనిలేదు. వరిమళ్లును, బియ్యపు మిల్లులును, తవుడు వాసనయు ఊరి పేరు చెప్పును. ఈ పచ్చదనము ప్రకృతి ప్రసాదము కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీరు పల్లమునకే బాఱును. కాలువకు దిగువ వరి. ఎగువనున్న చేనికి వాననో బావినో నమ్ముకొనుటయే గతి. నల్లగొండ పడమటి మెట్టలలోనైతే బావినీటి ఫ్లోరైడుచే ఎముకలు వంగినవా రెందఱో కలరు. వారి యూళ్లు ఈ పచ్చని బాటనుండి కానరావు.

కావున చదువరులారా, పచ్చని చేలను జూచి సంతసింపుడు. కాలువ ఏ ప్రక్కనున్నదో యదియు నొకసారి విచారింపుడు.