డాక్టరు ఇంకా రాలేదు

అమ్మకి రొమ్ములో గడ్డ చేతికి తగిలి అప్పటికి పదిహేను రోజులు. నాకు చెప్పింది మాత్రం ముందురోజు రాత్రే. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకుని గది బయట బల్ల మీద కూర్చున్నాం. పదైంది. ఎవరడిగినా అటెండరుది ఒకటే మాట, "డాక్టరుగారు ఇంకా రాలేదు."

అమ్మ నా చెవి దగ్గర అడిగింది, "ఆయనా, ఆవిడా?"

'రాలేదు'లో అది తెలీదు. నేను రాలేదు, వాడు రాలేదు, ఆమె రాలేదు, బస్సు రాలేదు - అందరికీ ఒకటే రూపం. (రేపటి మాటైతే రాడు, రాదు, అక్కడ మళ్ళీ విడిపోతాం.) వచ్చాక మాత్రం ఆయన వచ్చాడు, ఆమె వచ్చింది. బస్సూ వచ్చింది. తమిళం, కన్నడం ఆమెకి విడిగా ఒక ప్రత్యయం ఇచ్చాయి, తెలుగు ఇవ్వలేదు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలని పశుపక్ష్యాదులతో, జడాలతో కలిపి మహత్తుల బయట ఉంచాడని పీహెచ్‌డీ రోజుల్లో ఎంత కోపమొచ్చిందో! ఆయన ఉన్న భాషకే సూత్రం రాశాడని తర్వాత ఒప్పుకున్నాను. బహువచనంలో మనమూ 'వచ్చారు'లో చేరతాం. గౌరవమిస్తే ఒక్కరికైనా అదే రూపం. అయితే ఆ గౌరవం అడక్కుండా దక్కేది ఎవరికి? మా కాలేజీలో నా పేరు ముందూ డాక్టర్ ఉంది. సారు ఆలస్యంగా "వచ్చారు". నేను ఆలస్యంగా "వచ్చింది".

అందుకే 'రాలేదు' లాంటి మాటలంటే నాకిష్టం. ఆ బల్ల మీద అది ఎందుకూ కొరగాలేదు. అమ్మకి ప్రత్యయం కావాలి. రవిక విప్పాల్సింది తను. పదిహేను రోజులు ఎందుకు దాచావని అడిగితే చెప్పని జవాబు ఆ రెండు మాటల ప్రశ్నలో ఉంది.

చుట్టూ కారణాలు అల్లుతున్నారు. "ఆపరేషన్లో ఉన్నాడేమో" అందొకామె. "లేడీ డాక్టరేమో, పిల్లల్ని బడికి పంపి రావద్దూ" అంది ఇంకొకామె. ఒకే ఆలస్యం. ఆయనకైతే ఆపరేషను, ఆవిడకైతే ఇల్లు! నేను ఏదో అనబోయాను. ఆ రెండో మాటకి అమ్మ మొహం తేటపడటం చూసి ఊరుకున్నాను.

పదకొండు దాటాక అటెండరు తలుపు తీశాడు. "వచ్చారు, పదండి."

లోపల ఉన్నది ఆయనే. నర్సుని పిలిచి తెర వేయించారు. అమ్మ నా చెయ్యి వదల్లేదు. చూసి, మామోగ్రామ్ చేయించమని రాశారు. మెట్లు దిగుతూ అమ్మ అంది, "పర్లేదే, మంచివాడు."